ఇల్లందు నుంచి పది మీటర్ల లోతుకు

నేను సముద్రంలో మునగడం నేర్చుకోవడానికి విశాఖపట్నం పోయి వచ్చానంటే మా కాలనీలో సగం మంది నమ్మలేదు. నమ్మిన సగం మంది "ఈ వయసుల నీకేం రోగమే" అన్నారు. నాకు యాభై నాలుగేళ్ళు. మోకాళ్ళు ఒకరోజు మాట వింటాయి, ఒకరోజు వినవు. అయినా పోయాను. ఎట్లా పోయానో, ఏం తిన్నానో, ఎక్కడ పరువు పోగొట్టుకున్నానో, అటు పోని వాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. ఇల్లందు దగ్గర ఒక బాయి మీద ఇరవై ఏళ్ళు ల్యాంప్ రూమ్‌లో పనిచేశాను. నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం నాకొచ్చింది. కిందికి దిగే ప్రతి మనిషీ నా కిటికీ దగ్గర తన నంబరు బిళ్ళ ఇచ్చి, టోపీకి తగిలించుకునే లైటు తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. గోడకు బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క. ఆఖరి బిళ్ళ గోడ దిగేదాకా నేను కుర్చీ దిగేదాన్ని కాదు. నా తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి కూర్చుంటానన్నా లేచేదాన్ని కాదు.

మా ఆయన అదే బాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. రోజూ నా చేతుల మీదుగానే లైటు తీసుకునేవాడు, రోజూ అందరికన్నా ఆఖరికి తెచ్చి ఇచ్చేవాడు. నాకు నోరెక్కువ. కిటికీలోంచే తిట్టేదాన్ని.

"అందరు ఇంటికి పోయి బువ్వ గూడ తిన్నరు. గంత ఇడ్వలేనిది ఏముందయ్యా ఆడ?"

ఆయన నవ్వి లైటు బల్ల మీద పెట్టేవాడు. ఇంట్లో అడిగినా అంతే. ఏముంటుంది అన్నట్టు చెయ్యి తిప్పి, పళ్ళెం దగ్గరికి లాక్కునేవాడు. నేను భయపడతానని చెప్పడం లేదేమో అనుకునేదాన్ని.

ఆడవాళ్ళు బాయి దిగకూడదని అప్పటి రూలు. తర్వాత ఆ రూలు మారిందన్నారు గానీ అప్పటికి మా బాయిలో బొగ్గు అయిపోయింది. మూసేశారు. నీళ్ళు తోడే మోటార్లు ఆపేశాక లోపల నీళ్ళు నిండాయి. ఆ మరుసటి ఏడే మా ఆయన రిటైరయ్యాడు, ఇంకో ఏడాదికి పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయాడు. రెండేళ్ళయింది. మాకు పిల్లలు లేరు. ఆయన అన్నేళ్ళు తిరిగిన చోటు ఎట్లా ఉంటుందో ఒక్కసారి దిగి చూడాలని నాకు ఎప్పటి నుంచో ఉండేది. ఆయన పోయాక అది కోరికలాగా కాదు, ఆకలిలాగా పట్టుకుంది. కానీ ఇప్పుడు ఎవరు దింపినా అక్కడ నీళ్ళే.

మా చెల్లెలి కూతురు హారిక ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో జువాలజీ చెప్తుంది. ఆ పిల్ల ఒకరోజు ఫోన్ చేసింది. చలికాలంలో విశాఖ తీరానికి చుక్కల సొరలు వస్తాయట. బస్సంత చేప, కానీ మనిషిని ఏమీ అనదు, నోరు తెరిచి నీళ్ళలో నలుసులు తింటూ పోతుంది. సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి కిందికి దిగి దాన్ని చూడడం ఒక చోట నేర్పిస్తారట. తోడు రావాల్సిన స్నేహితురాలు మానుకుంది.

"పెద్దమ్మా, నువ్వు రా. ఉత్తగ ఒడ్డున కూసుందువు గని" అంది.

"ఒడ్డున కూసునుడు ఇరవై ఏండ్లు చేసిన. దిగనిస్తెనే వస్త" అన్నాను.

చింతూరు బస్సు

కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోయి, అక్కడ విశాఖ బస్సెక్కాం. హారికకు కిటికీ, నాకు నడిమి సీటు. నా పక్కన ఒక కోయ ఆమె కూర్చుంది, ఒళ్ళో గంప, గంపలో కొత్త చింతపండు. చింతూరు సంతకు పోతోంది. కొద్దిసేపు నా సంచీ వంక చూసింది. అందులోంచి ఈతకు కాళ్ళకు తొడుక్కునే పొడుగాటి రబ్బరు రెక్కలు బయటికి వచ్చి ఉన్నాయి, హారిక కొన్నవి.

"గవేంది అక్కా?"

"నీళ్ళల్ల మునిగేటందుకు. సముద్రం కాడికి పోతున్నం."

"చేపలకా?"

"ఒకటే చేప. బస్సంత ఉంటదట."

"పట్టి ఏం చేస్తరు గంత చేపను?"

"పట్టం. చూసి వస్తం."

"మా దిక్కు గూడ వస్తరు గట్లనే. పులిని చూస్తె చాలంటరు. కనబడకపోతె బగ్గ బాధపడతరు. కనబడ్డోళ్ళను నేనైతె చూడలె" అంది. తర్వాత రెండు చింతపండు ముద్దలు తీసి నా చేతిలో పెట్టింది. కొత్త చింతపండు నాలుక మీద తియ్యగా, పుల్లగా ఒకేసారి తగిలింది. పైసలు ఇవ్వబోతే "వాంతులకని ఇచ్చిన. ముంగట ఘాటు ఉంది" అని గంప ఎత్తుకుని దిగిపోయింది.

ఆమె చెప్పినట్టే అయింది. మారేడుమిల్లి ఘాటు మలుపుల్లో హారిక కిటికీని వదల్లేదు. చింతపండు చప్పరించి నేను మాత్రం రాయిలా కూర్చున్నాను. మారేడుమిల్లిలో బస్సు ఆగితే వెదురు బొంగులో కాల్చిన కోడి కొన్నాం, అర కిలో మూడు వందలు. ఆకులో దులిపి పెట్టారు. నూనె చుక్క లేదు, కారం ఎముక దాకా పోయింది. హారిక వాసన చూసి మొహం తిప్పుకుంది. ఆ పిల్ల వాటా కూడా నేనే తిన్నాను. మా ఆయన ఉంటే ఆ బొంగు ఏ వెదురో, ఎన్నాళ్ళదో చెప్పేవాడు. కట్టె మాట ఎత్తితే చాలు, ఆ మనిషికి నోరు వచ్చేది.

గురమ్మ ఇల్లు

విశాఖ దాటి ఉత్తరంగా ఒక చేపలవాళ్ళ ఊరు. నేర్చుకునేవాళ్ళం ఎనిమిది మందిమి. బెంగళూరు నుంచి సాఫ్ట్‌వేర్ మొగుడూ పెళ్ళాలు, హైదరాబాద్ నుంచి నలుగురు కుర్రవాళ్ళు, హారిక, నేను. మిగతా వాళ్ళందరి వయసు కలిపి పంచితే నాలో సగం కూడా రాదు. నేర్పే అబ్బాయి పేరు నూకరాజు. ఆ ఊరి పిల్లాడే, వాళ్ళది చేపల వేట ఇల్లు. ఎక్కడెక్కడో తిరిగి ఈ విద్య నేర్చుకుని వచ్చాడు. వచ్చినవాళ్ళను హోటల్లో కాకుండా ఊళ్ళో ఇళ్ళల్లో ఉంచుతాడు. మా ఇద్దరినీ వాళ్ళ నాయనమ్మ గురమ్మ దగ్గర పెట్టాడు.

గురమ్మకు డెబ్బై పైనే ఉంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, నోట్లో చుట్ట. మొదటి పూటే నాతో గొడవ పెట్టుకుంది. నేను ఖమ్మం మిర్చి కారం వెంట తీసుకుపోయాను. చేపల పులుసు చప్పగా ఉందని ఒక చెంచా కలిపాను. ఆమె ఒక ముద్ద తిని, చెంబెడు నీళ్ళు తాగి, వాకిట్లోకి పోయి దగ్గి వచ్చింది.

"ఏటమ్మీ ఇది? నన్ను సంపీడానికి ఒచ్చినావేటి?"

"మా కాడ పిల్లలు తింటరు అవ్వా గిది."

"మీ పిల్లల కడుపులు ఇనపయ్యేటి?"

ఆ తర్వాత మాకు బాగా కుదిరింది. పొద్దున చద్దన్నంలో వేయించిన నెత్తళ్ళు పెట్టేది. వేలెడంత చేపలు, తలతో సహా నమిలేయాలి. ఒడ్డున కిలో వంజరం మా ఇల్లందు మార్కెట్లో ఐసులో పెట్టి అమ్మే ముసలి చేప ధరకే దొరుకుతుందని తెలిసి నాకు కడుపు మండింది. ఆ ఊళ్ళో ఇంకొకటి చూశాను. పడవలు లోపలికి పోయేటప్పుడు ఏ ఆడమనిషీ "ఎప్పుడు వస్తావు" అని అడగదు. అడిగితే అశుభమట. మా బాయి మీద కూడా షిఫ్టుకు పోయేవాడిని వెనక నుంచి పిలిచేవాళ్ళం కాదు.

మొదటి రోజంతా నేల మీదే. చాపల మీద పడుకోబెట్టి, పొట్టతో ఊపిరి తీయడం, వదలడం, ఆపడం. గడియారం పెట్టుకుని ఆపితే కుర్రవాళ్ళు నిమిషం, నిమిషన్నర. నేను రెండు నిమిషాల పది సెకన్లు. అందరూ చప్పట్లు కొట్టారు. పినపాక దగ్గర గోదారి ఒడ్డున పుట్టినదాన్ని, బెండ్లు కట్టుకుని ఆరేళ్ళకే ఈత నేర్చాను. గోదారి అడుగున ఇసక పిడికిట్లో పట్టుకుని పైకి వచ్చి చూపించడం మా ఆట.

"మేడం, మీరు అందరికన్నా లోతుకు వెళ్తారు, చూస్తూ ఉండండి" అన్నాడు నూకరాజు. ఆ మాటకు నేను ఆ రాత్రి పిల్లలాగా మురిసిపోయాను.

మూడు మీటర్లు

రెండో రోజు నీళ్ళల్లోకి దింపాడు. దానికి ముందు ఒళ్ళంతా పట్టే రబ్బరు చొక్కాలోకి నన్ను దూర్చడానికి ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగ్గు సబ్బునీళ్ళు, అరగంట కావలసి వచ్చింది. గురమ్మ వాకిట్లో చేరగిలబడి చుట్ట తాగుతూ చూసింది. "మావిడి తాండ్రలో సుట్టీసినట్టున్నావు" అంది.

ఒడ్డు నుంచి కొంత దూరంలో గాలి నింపిన పెద్ద ట్యూబులు రెండు. ఒక్కోదాని నుంచి కిందికి ఒక తాడు, తాడు చివర బరువు, పది మీటర్ల దగ్గర ఎర్ర గుర్తు. తాడు పక్కన తలకిందులుగా దిగాలి. ముక్కు పట్టుకుని చెవుల్లోకి గాలి నెడుతూ ఉండాలి. గుర్తు ముట్టుకుని రావాలి. ఒకరు కిందికి పోతే ఇంకొకరు పై నుంచి చూస్తూ ఉండాలి. పది మీటర్లు దిగినవాళ్ళే పడవలో సొర దగ్గర కిందికి దిగాలని నూకరాజు నియమం. దిగలేనివాళ్ళు పైన తేలుతూ చూడవచ్చు.

నా వంతు వచ్చింది. ఊపిరి తీసుకుని దిగాను. నీళ్ళు ఆకుపచ్చగా, కొంచెం మబ్బుగా ఉన్నాయి. చెవులు బాగానే ఉన్నాయి, ఊపిరి బోలెడు ఉంది. మూడు మీటర్ల దగ్గర ఉన్నట్టుండి ఒక ఆలోచన. ఇందాక రెండో ట్యూబు దగ్గర దిగిన కుర్రవాడు పైకి వచ్చాడా? నేను చూడలేదు. అంతే, నా ఒళ్ళు నన్ను అడగకుండానే వెనక్కి తిరిగింది. పైకి వచ్చి చూస్తే ఆ కుర్రవాడు ట్యూబు పట్టుకుని నవ్వుతున్నాడు.

మళ్ళీ దిగాను. ఈసారి హారిక. మళ్ళీ పైకి. మూడోసారి ఎవరూ కాదు, అయినా ఎవరో ఒకరు కిందనే ఉండిపోయారని అనిపించింది. పైకి వచ్చి తలలు లెక్కపెట్టాను. ఎనిమిది. నూకరాజుతో కలిపితే తొమ్మిది.

"చెవులా మేడం?" అన్నాడు నూకరాజు.

"అవ్, చెవులే" అన్నాను. ఇరవై ఏళ్ళు కుర్చీ దిగని అలవాటు నీళ్ళల్లో నా కాలు పట్టుకుని లాగుతోందని ఆ పిల్లాడితో ఎట్లా చెప్పను?

సాయంత్రానికి ఇంకో ముచ్చట అయింది. నేను తలలు లెక్కపెడుతున్నానని అందరికీ తెలిసిపోయింది. ఎవరు ఎంతసేపు కింద ఉన్నారో నాకు గడియారం లేకుండానే తెలుస్తుంది. బెంగళూరు అమ్మాయి ఇంగ్లీషులో "ఆంటీ పైన ఉంటే నాకు ధైర్యం" అంది. మిగతావాళ్ళూ అదే మాట. అందరూ నన్ను పైన పెట్టి దిగడం మొదలుపెట్టారు. నాకు సంతోషమే అయింది. నాకు తెలిసిన పని అదొక్కటే. ఆ సంతోషంలో నేను ఎందుకు వచ్చానో మరిచిపోయాను.

చుక్కల సొర

మూడో రోజు పడవ. గంటన్నర పోయాక ఇంజను ఆపేశారు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు పొడుస్తోంది. పడవ నడిపే ఆయన చెయ్యి చాపి చూపించాడు. నీళ్ళ కింద ఒక చీకటి పట్టీ కదులుతోంది.

అందరూ మెల్లగా నీళ్ళల్లోకి జారారు, నేను కూడా. మొహం నీళ్ళల్లో పెట్టి చూశాను. ముందు మసక. తర్వాత మసకలో తెల్లటి చుక్కలు, వరసలు వరసలుగా, ముగ్గు పిండితో పెట్టినట్టు. అది మా కింద నుంచి పోతోంది. ఎంతసేపు పోయినా తోక రాలేదు. ఒకరి తర్వాత ఒకరు కిందికి దిగారు. దాని పక్కన వాళ్ళు గోరంత కనిపించారు.

నేను దిగలేదు. పైన తేలుతూ లెక్కపెట్టాను. ఒకరు, ఇద్దరు, ముగ్గురు పైకి. నాలుగో వాడు ఏడి? వచ్చాడు. హారిక ఏది? హారిక వచ్చేసరికి చుక్కలు మసకలో కలిసిపోయాయి. సొర ఇంకా కిందికి పోయి ఉంటుంది. సముద్రం మళ్ళీ ఉత్త ఆకుపచ్చ నీళ్ళయింది.

హారిక నా భుజం పట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. "పెద్దమ్మా, దాని కన్ను చూసిన! నన్నే చూసింది. నువ్వు చూసినవా?"

"చూసిన" అన్నాను. అబద్ధం. పడవలో అందరూ ఫోన్లు తీసి ఒకరివి ఒకరు చూసుకుంటున్నారు. నేను సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. అంత దూరం పోయి, అంత రబ్బరు తొడుక్కుని, నేను మళ్ళీ కిటికీ దగ్గరే కూర్చున్నానని నాకు అప్పుడు తెలిసింది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం గురమ్మ నెత్తళ్ళు ఆరబోస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. బాయి, లైట్లు, బిళ్ళలు, మా ఆయన, మూడు మీటర్లు. ఆమె చుట్ట తీయకుండా విన్నది.

"నానూ లెక్కెట్టినాను అమ్మీ, యాభై యేళ్ళు. ఒడ్డున నిలబడి తెప్పలు లెక్కెట్టడమే" అంది. "ఒకసారి తుపాన్లో మా పెద్దోడి తెప్ప రానేదు. నాను లెక్కెట్టడం మాననేదు గదా? మరెందుకు రానేదు?"

గురమ్మ గుప్పెడు నెత్తళ్ళు తీసి పరిచింది.

"లెక్కెట్టీది మన కోసరం అమ్మీ, ఆళ్ళ కోసరం కాదు. ఒచ్చీవోళ్ళు ఒస్తారు. నీకు దిగాలనుంటే దిగు. నేకపోతే నా కాడ కూకుని నెత్తళ్ళు ఆరబొయ్యి."

పది మీటర్లు

మరునాడు పడవ అదే చోట ఆగింది. అందరూ రెక్కలు తొడుక్కుంటుంటే నూకరాజు చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఎవరూ దిగొద్దు. ముందు మేడం ఒక్కరే" అన్నాడు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నాయనమ్మ చెప్పింది. మీ బాయి దగ్గర హాజరు ఎలా తీసుకుంటారండి?" అన్నాడు.

"మస్టర్ అంటం. నంబరు పిలుస్తరు, ఉన్నోడు పలుకుతడు."

"అయితే మస్టర్ పిలవండి."

నాకు సిగ్గేసింది. పడవలో పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. అయినా నీళ్ళల్లోకి దిగి, పడవ పక్కన వేసిన తాడు ట్యూబు పట్టుకుని, కిటికీలోంచి పిలిచినట్టు పిలిచాను. "ఒకటి!"

"హాజర్!" అన్నాడు ఒక కుర్రవాడు.

"రెండు!" "హాజర్!" బెంగళూరు అమ్మాయికి తెలుగు రాదు, అయినా అందరికన్నా గట్టిగా అరిచింది. హారికది ఏడో నంబరు. ఆ పిల్ల రెండు చేతులూ ఎత్తి పలికింది. పడవ నడిపే ఆయన పిలవకుండానే "నానూ ఉన్నాను" అన్నాడు. నూకరాజు నా పక్కన నీళ్ళల్లో ఉండి, "నేను ఇక్కడే చూస్తుంటాను. అందరూ పైనే ఉన్నారు. మీరు వెళ్ళండి" అన్నాడు.

పోయాను. మూడు మీటర్ల దగ్గర ఒళ్ళు ఒకసారి అడిగింది. అందరూ పైనే ఉన్నారని చెప్పాను. అది నమ్మింది.

ఐదు దాటాక వెలుగు పలచబడింది. ఏడు దగ్గర కాళ్ళు ఆడించడం తగ్గించాను. ఎర్ర గుర్తు చేతికి తగిలింది. ఎరుపు అక్కడ ఎరుపులా లేదు, బొగ్గులా ఉంది. తాడు పట్టుకుని తల పైకి తిప్పి ఆగాను. కింద చీకటి, పక్కల చీకటి, పైన దూరంగా ఒక తెల్లటి మరక. చప్పుడు లేదు. నా గుండె కొట్టుకోవడం కూడా ఎంత మెల్లగా అయిందంటే, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య నేను ఒక మాట అనుకుని ముగించగలను. నన్ను ఎవరూ పిలవడం లేదు. ఎవరూ ఏమీ అడగడం లేదు. నా చేతిలో ఎవరి లైటూ లేదు. పుట్టి బుద్ధెరిగాక అట్లాంటి నిమిషం నాకు ఒక్కటి కూడా దొరకలేదు.

అప్పుడు అది వచ్చింది. నిన్న చూసినదో, ఇంకొకటో. చీకటిలోంచి ముందు నోరు, తర్వాత చిన్న కన్ను, తర్వాత చుక్కలు. నాకు నాలుగు బారల దూరంలో, తొందర లేకుండా పోతోంది. నేను తాడు వదిలేశాను. వదలకూడదని నూకరాజు వందసార్లు చెప్పాడు. దాని పక్కన కొంత దూరం పోయాను, అది పోతున్నంత మెల్లగా. ఊపిరి కావాలని పొట్ట ఎగిరింది. ఇంకొంచెం అనుకున్నాను. మళ్ళీ ఎగిరింది. ఇంకొంచెం.

ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. నూకరాజు. వేలుతో పైకి చూపించాడు. నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నాకు ఆ పిల్లాడి మీద కోపం వచ్చింది.

పైకి వచ్చాక మూడు సార్లు ఊపిరి తీసి, కళ్ళద్దాలు తీసి, బాగున్నానని చెయ్యి చూపించాలి. అన్నీ చేశాను. నూకరాజు మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏమిటండి ఇది! తాడెందుకు వదిలారు? పైన మేం ఏమైపోవాలి?" నా చెయ్యి వదల్లేదు. "అందరూ వచ్చేశారు, మీరొక్కరే రాలేదు. అంత వదల్లేనిది ఏముందండి అక్కడ?"

ఏమని చెప్పను? తెల్లటి మరక అని చెప్పనా, చప్పుడు లేదని చెప్పనా? ఏం చెప్పినా తక్కువే. నాకు తెలియకుండానే నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి అతను ఇంకా మండిపడ్డాడు.

ఒడ్డు

శిక్ష పడింది. చివరి రోజు పడవ ఎక్కనివ్వలేదు. న్యాయమే, నేనైనా అదే చేసేదాన్ని. అందరూ పోయాక గురమ్మతో ఒడ్డున కూర్చున్నాను. మళ్ళీ దిగాలని ఎంత ఉందో చెప్పలేను. అక్కడి నుంచి చూస్తే ఉత్త నీళ్ళు. కానీ ఆ నీళ్ళ కింద ఏముందో ఇప్పుడు నాకు తెలుసు, అందుకే చూడడం ఇంకా కష్టంగా ఉంది.

"బాగున్నాదా కింద?" అంది గురమ్మ.

"బగ్గ మంచిగుంది అవ్వా."

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకు వెలిగింది. మా ఆయన నన్ను భయపెట్టకూడదని ఊరుకోలేదు. ఆయనకు అక్కడ బాగుండేది. బొగ్గు దుమ్ముతో గాలి పాడు కాదని కాదు, పనిలో నడుము విరగదనీ కాదు. అందరూ వెళ్ళిపోయాక, తను నిలబెట్టిన దుంగల మధ్య, కాసేపు ఎవరూ పిలవని చోట ఒక్కడే నిలబడేవాడు. అందుకే ఆఖరికి వచ్చేవాడు. ఇరవై ఏళ్ళు. నేను పైన కుర్చీ అంచున కూర్చుని గోడకున్న ఒకే ఒక్క బిళ్ళను చూస్తూ చచ్చి బతుకుతుంటే, ఆయన అక్కడ హాయిగా ఉండేవాడు. ఒక్క మాట చెప్పలేదు.

ఆయన పోయినప్పటి నుంచి ఏడ్చాను, తిండి మానాను, ఆయన చొక్కాలు మడత పెట్టి మళ్ళీ మళ్ళీ మడత పెట్టాను. కోపం మాత్రం ఎన్నడూ రాలేదు. పోయిన మనిషి మీద కోపమేమిటి అనుకున్నాను. ఆ ఒడ్డున వచ్చింది, మంటలాగా వచ్చింది. గురమ్మతో చెప్పాను.

"మా ముసిలోడూ అంతే" అంది ఆమె. "సంద్రం ఎలా ఉన్నాదయ్యా అంటే 'ఉన్నాది' అనీవోడు. ఒట్టి ఎదవ." చుట్ట తీసి పక్కన ఉమ్మి, ఇంకో నాలుగు తిట్లు తిట్టింది. అవి ఇక్కడ రాయలేను. నేను కూడా నాకు వచ్చినవి తిట్టాను. పడవ వచ్చేదాకా ఇద్దరం కలిసి మా ఆయన్నీ వాళ్ళాయన్నీ తిట్టాం.

తిరుగు బస్సు

వచ్చేటప్పుడు కిటికీ సీటు నేను తీసుకున్నాను. గురమ్మ కట్టి ఇచ్చిన ఎండు నెత్తళ్ళ వాసనకు ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. బస్సు ఘాటు ఎక్కుతుంటే నా పెదాలు కదులుతున్నాయని హారిక గమనించింది.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ పెద్దమ్మా?"

"మీ పెద్దనాయినను తిడుతున్న. నువ్వు పండుకో."

ఆ పిల్ల పడుకుంది. నేను ఆపలేదు. మారేడుమిల్లిలో తిట్టాను, చింతూరులో తిట్టాను. కింద ఎట్లా ఉందో, సొర ఎంత పొడుగుందో, దాని కన్ను ఎంత చిన్నదో, నూకరాజు ఎట్లా అరిచాడో కూడా మధ్య మధ్యలో చెప్పి, మళ్ళీ తిట్టాను. భద్రాచలం దాటి, కొత్తగూడెం దాటి, ఇల్లందులో దిగేదాకా తిడుతూనే ఉన్నాను. ఆయన పోయాక ఆయనతో అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి.